ప్లాటర్ గీతను ప్రింటర్ చుక్కలుగా మార్చేదెలా?

ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర మొదలై గోల్ డాక్‌ఖానా దాకా వాయవ్య దిశగా, దాదాపు తిన్నగా సాగే దారి అశోకా రోడ్. ఆంధ్రభవన్ వల్ల తెలుగువారికి బాగా తెలిసిన రోడ్డు. నక్షాలో ఇది ఒక ఏటవాలు గీత. ప్లాటర్ అనే యంత్రం పెన్ను పట్టుకొని ఈ గీతను ఒక కొస నుంచి మరో కొసకు ఒక్క లాగుడులో గీస్తుంది. మామూలు ప్రింటర్ మాత్రం చుక్కలే పెట్టగలదు.

ప్లాటర్ ఖరీదైన యంత్రం. అందరి దగ్గరా ఉండేది కాదు. అందుకే ప్లాటర్ ఫైళ్లను మామూలు ప్రింటర్‌పై అచ్చువేసే ప్రోగ్రాములు వచ్చాయి. వాటిలో 'ప్రింట్‌జీఎల్' ఒకటి. ఇది షేర్‌వేర్: ముందు వాడి చూసి, పనికొస్తే తయారుచేసినవారికి డబ్బు చెల్లించే పద్ధతి.

ఫైల్లో ఏముంటుంది?

హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ ప్లాటర్ల భాష పేరు హెచ్‌పీ-జీఎల్. ఇందులో ఒక మిల్లీమీటరు అంటే 40 యూనిట్లు. మన రోడ్డును 80 మి.మీ. ఎడమకు, 60 మి.మీ. పైకి వెళ్లే గీతగా అనుకుందాం. దానికి కావలసినవి మూడే ఆదేశాలు:

ఎస్‌పీ1; పీయూ4000,1000; పీడీ800,3400;

ఒకటో పెన్ను తీసుకో. పెన్ను ఎత్తి మొదటి బిందువుకు వెళ్లు. పెన్ను దించి రెండో బిందువు దాకా గీయి. అంతే.

గీత చుక్కలయ్యే లెక్క

అంగుళానికి 300 చుక్కలు పెట్టే లేజర్ ప్రింటర్‌పై ఈ గీత 945 చుక్కలు ఎడమకు, 709 చుక్కలు పైకి వెళ్లాలి. ఏ చుక్క ఎక్కడ పెట్టాలి? ఐబీఎంలో పనిచేసిన జాక్ బ్రెజెన్‌హామ్ ప్లాటర్ కోసమే ఒక సులువైన పద్ధతి కనిపెట్టి, 1965లో ప్రచురించారు.

ఎడమకు ఒక్కో అడుగు వేసినప్పుడల్లా లెక్కకు 709 కలపాలి. లెక్క 945లో సగాన్ని దాటితే ఒక చుక్క పైకి జరిగి, 945 తీసేయాలి. సున్నాతో మొదలుపెట్టి చూడండి: మొదటి నాలుగు అడుగుల్లో వరుసగా పైకి, పైకి, అదే వరుసలో, పైకి. అంటే నాలుగు అడుగులకు మూడు మెట్లు. గుణకారం, భాగహారం అక్కర్లేదు కాబట్టి ఆనాటి నెమ్మది కంప్యూటర్లకూ ఇది భారం కాలేదు.

ఇక జ్ఞాపకశక్తి సమస్య. ఏ4 కాగితంపై 300 చుక్కల లెక్కన దాదాపు 87 లక్షల చుక్కలు పడతాయి. చుక్కకు ఒక బిట్ చొప్పున 10.8 లక్షల బైట్లకు పైమాటే. డాస్ ప్రోగ్రాములకు మామూలుగా దొరికేది 640 కిలోబైట్లు. దీనికి విరుగుడు పేజీని అడ్డపట్టీలుగా విడగొట్టి, ఒక్కో పట్టీని తయారుచేసి ప్రింటర్‌కు పంపడం.

ఫైల్లో లేనిది

'ఎస్‌పీ1' అంటే ఒకటో పెన్ను అనే అర్థం. ఆ పెన్ను ఎరుపా నలుపా, సన్నమా లావా అన్నది ఫైలు చెప్పదు. అది ప్లాటర్‌లో ఎవరు ఏ పెన్ను పెట్టారన్న దానిపై ఆధారపడుతుంది. కాబట్టి ప్రతి పెన్నుకూ మందం, రంగు ఎంతో వాడేవారే ప్రోగ్రాముకు చెప్పాలి. ఆ వివరం పోతే గోడ గీత, కొలత గీత ఒకే మందంతో పడి, డ్రాయింగ్ చదవడమే కష్టమవుతుంది.

నేటి ఉపయోగం

1990లో వచ్చిన లేజర్‌జెట్ 3 ప్రింటర్ హెచ్‌పీ-జీఎల్/2 భాషను తానే అర్థం చేసుకోగలిగింది. నేడు హెచ్‌పీ2ఎక్స్‌ఎక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పాత ఫైళ్లను చుక్కల బొమ్మలుగా మారుస్తుంది. స్టిక్కర్లు కోసే యంత్రాలు ఎన్నో ఇప్పటికీ ఈ భాషనే వాడుతున్నాయి.

పాత డ్రాయింగ్ అచ్చువేసేటప్పుడు 'పేజీకి సరిపెట్టు' అనే ఎంపికను తీసేయాలి. లేకుంటే బొమ్మ కుంచించుకుపోయి, స్కేలు తప్పుతుంది. మన గీతను అచ్చువేసి స్కేలుబద్దతో కొలవండి. సరిగ్గా 100 మిల్లీమీటర్లు ఉండాలి. అలా ఉంటేనే ఆ కాగితంపై మిగతా కొలతలనూ నమ్మవచ్చు.