పైకప్పు మరమ్మతు ఏ నెలలో చేయించాలి?



పైకప్పు బాగుచేయించమని దరఖాస్తులు ఎక్కువగా ఏ నెలల్లో వస్తాయో సేవా సంఘాల కమిటీల్లో పనిచేసిన ఎవరినైనా అడగండి. జూలై, ఆగస్టు అంటారు. మదర్సా గది ఉరుస్తోందనీ, భర్త పోయిన సోదరి ఇంటి రేకులు పగిలాయనీ, వజూఖానా శ్లాబు పెచ్చులూడుతోందనీ రాస్తారు. అవసరం నిజమైనదే. కానీ ఆ నెలల్లో ఇచ్చిన డబ్బుతో శ్లాబు బాగుపడడం అరుదు. నీళ్ళు కారుతున్న శ్లాబు మీద చాలా పూతలు సరిగా పట్టవు. నేను పనిచేసిన ఒక పాఠశాలలో రెండు వానల మధ్య దొరికిన కాస్త ఎండ చూసి శ్లాబు మీద సిమెంటు పాలు పోయించారు. మూడో వానకు అది తూముల వెంట పోయింది. పిల్లలు మళ్ళీ వరండాలో కూర్చున్నారు.

మన వినుకొండ వైపు వాన రెండు విడతలుగా వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, ఆ తర్వాత డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాటితోపాటు తుపానులు. మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. కాబట్టి డిసెంబరు వచ్చింది కదా అని వాన అయిపోయిందనుకోవడానికి లేదు. ఎండాకాలమూ పూర్తి భరోసా కాదు. 2010లో లైలా తుపాను అదే బాపట్ల దగ్గర మే 20న తీరం దాటింది. తుపాను లేకపోయినా ఏప్రిల్, మే సాయంత్రాల్లో లేచే ఈదురుగాలి వదులుగా ఉన్న రేకును ఉంచదు. ఇవన్నీ తీసేస్తే నమ్మకంగా మన చేతిలో మిగిలేది సంక్రాంతి నుంచి మార్చి నెలాఖరు వరకే.

'వేసవి సెలవుల్లో చేయిద్దాం' అని మా ఉపాధ్యాయులమే ఎక్కువగా అంటుంటాం. పాత పూత గీకడం, తూములు శుభ్రం చేయడం మే నెలలో చేసుకోవచ్చు. సిమెంటు పని సంగతి వేరు. సిమెంటు ఆరి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీటితో కలిసి జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. తడి ముందే పోతే ఆ చర్య సగంలో ఆగిపోతుంది. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు గానీ బాగా ఎండగా ఉన్న రోజుల్లో గానీ 10 రోజులు తడి ఆరకుండా చూడాలి. రెంటచింతల ఎండల పేరు వినని వారు లేరు, మన ఎండ కూడా దానికి పెద్దగా తీసిపోదు. రోహిణి కార్తెలో పొద్దున చేసిన ప్లాస్టరింగు మధ్యాహ్నానికే వెంట్రుకవాసి బీటలిస్తుంది. మృగశిర రాగానే నీళ్ళు ఆ బీటల్లోకే దిగుతాయి. తప్పనిసరై మే నెలలో చేయించాల్సి వస్తే సాయంత్రం పని పెట్టించి, గోనె పట్టాలు కప్పి తడపాలి. ఆ రోజుల్లో తాగేందుకే నీళ్ళకు ఇబ్బంది పడే వీధులున్నాయి, ఇక తడపడానికి నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తారో ముందే ఆలోచించుకోవాలి. ఇంకొక మాట. ఫిబ్రవరి, మార్చి మిరప కోతల కాలం కూడా. కూలీలు చేలకు పోతారు. మేస్త్రీతో సంక్రాంతి లోపలే మాట అనుకోవాలి.

అలాగని వానాకాలంలో చేతులు కట్టుకుని కూర్చోమనడం లేదు. ఎక్కడ కురుస్తోందో తెలిసేది అప్పుడే. చుక్క పడిన చోటికి నేరుగా పైన బీట ఉండకపోవచ్చు. నీరు శ్లాబు లోపల నాలుగైదడుగులు నడిచి, దారి దొరికిన చోట దిగుతుంది. అందుకని వాన పడుతుండగానే గదిలో చెమ్మ అంచు చుట్టూ పెన్సిలుతో గీసి తేదీ వేయాలి, ఫోటో తీయాలి. ఈ పని ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగలరు, మాస్టారి కన్నా శ్రద్ధగా చేస్తారు. జనవరిలో మేస్త్రీకి ఆ గుర్తులు చూపిస్తే పిట్టగోడ మొదలు దగ్గరో, తూము చుట్టూనో, ట్యాంకు దిమ్మ కిందో అసలు లోపం దొరుకుతుంది. గుర్తులు లేకపోతే శ్లాబంతా పూయమంటాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకు ఎండిన శ్లాబే కనబడుతుంది కదా.

తూముల సంగతి ఒక చిన్న లెక్కతో చెబుతాను. 1,000 చదరపు అడుగుల శ్లాబు మీద ఒక సెంటీమీటరు వాన కురిస్తే సుమారు 930 లీటర్ల నీరు. రావి ఆకులతో తూము మూసుకుపోయి 5 సెంటీమీటర్ల నీరు నిలిచిందంటే 4,600 లీటర్లు దాటుతుంది, అంటే నాలుగున్నర టన్నుల పైచిలుకు బరువు. కింద పిల్లలు నిద్రపోతుంటారు. తూము శుభ్రం చేయించడానికి అయ్యేది ఒక పూట కూలి. మే చివర ఒకసారి, తుపానుల ముందు సెప్టెంబరు చివర మరొకసారి చేయించాలి. మడి కట్టి నీళ్ళు నిలిపి లీకు చూడడం మంచి పద్ధతే అయినా, ఊచలు బయటపడిన పాత శ్లాబు మీద మాత్రం ఆ ప్రయోగం వద్దు. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. పెచ్చులూడాయంటే పైన పూత వేసి ఊరుకునే దశ దాటిపోయిందనే అర్థం. ఇంజనీరును పిలిపించాలి, అప్పటిదాకా ఆ గదికి తాళం వేయాలి.

రేకుల ఇళ్ళకు బోల్టులు బిగించడం, అరిగిన వాషర్లు మార్చడం మార్చి లోపల అయిపోవాలి. సిమెంటు రేకుల మీద నేరుగా కాలు పెట్టనీయకండి. పలక వేసుకుని దాని మీదే నడవాలి.

ఇప్పుడు దాతలకు నేరుగా సంబంధించిన విషయం. మన చందాలు, సదకాలు రంజాన్‌లో ఎక్కువగా వస్తాయి. హిజ్రీ సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది కాబట్టి రంజాన్ ఏటా ముందుకు జరుగుతుంది. 2016లో రంజాన్ జూన్ మొదటి వారం చివర మొదలై జూలైలోకి పోయింది. డబ్బు చేతికి వచ్చేసరికి వాన కూడా వచ్చేసింది. ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. 2026లో ఫిబ్రవరి మూడో వారంలో మొదలైంది. 2027లో ఫిబ్రవరి రెండో వారంలో, 2028లో జనవరి చివర, 2029లో జనవరి మధ్యలో మొదలవుతుంది. చంద్రదర్శనాన్ని బట్టి ఒక రోజు అటూ ఇటూ. మదర్సాలకు సెలవులు కూడా సాధారణంగా షాబాన్ చివరి నుంచి షవ్వాల్ మొదటి రోజుల దాకా ఉంటాయి. అంటే గదులు ఖాళీగా ఉండడం, డబ్బు చేతిలో ఉండడం, ఆకాశం తేటగా ఉండడం మూడూ ఈ కొద్ది సంవత్సరాలు ఒకేసారి కలిసి వస్తున్నాయి. 2030లో రంజాన్ జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు చివరలో మరోసారి వస్తుంది. ఆ తర్వాత క్రమంగా నవంబరులోకి, తుపానుల్లోకి జరిగిపోతుంది.

ఏ డబ్బు దేనికి అన్నది కూడా చూసుకోవాలి. ఖుర్ఆన్‌లో తౌబా సూరా 60వ ఆయత్ జకాత్‌కు ఎనిమిది వర్గాల వారిని చెప్పింది. మసీదు, మదర్సా కట్టడాలకు జకాత్ చెల్లదన్నది అత్యధిక ఉలమాల అభిప్రాయం. వాటికి సదకా, లిల్లాహ్ సొమ్మే వాడాలి. అర్హురాలైన పేద సోదరికి మాత్రం జకాత్ డబ్బు ఆమె చేతికే ఇవ్వవచ్చు, ఆమె తన ఇంటికి రేకులు వేయించుకుంటుంది. సందేహముంటే మీ ఆలింను అడగండి. వక్ఫ్ ఆస్తి విషయంలో హనఫీ ఫిఖ్‌హ్ ఇంకా స్పష్టంగా ఉంది: ఆదాయంలో మొదటి ఖర్చు ఆ ఆస్తి మరమ్మతే, లబ్ధిదారులకు పంచడం ఆ తర్వాతే. వక్ఫ్ చేసిన వారు ఆ మాట రాయకపోయినా సరే. దుకాణాల అద్దెలు వసూలు చేసే కమిటీలు దీన్ని ఒకసారి గుర్తుచేసుకుంటే బాగుంటుంది.

ఈసారి మీరు ఇచ్చేటప్పుడు రసీదు మీద 'మరమ్మతుకు' అని రాయించండి. పని ఈద్ తర్వాత వారంలోపు మొదలై, తడపడంతో సహా మార్చి చివరికి పూర్తయ్యేట్టు తేదీ అడగండి. వానాకాలంలో గీసిన పెన్సిలు గుర్తుల ఫోటోలు చూపించమని కూడా అడగండి. అవి లేకపోతే చిన్నపాటి పనులకే ఇచ్చి, మిగతాది వచ్చే సంక్రాంతికి విడిగా పెట్టమనండి.