త్రాడు పట్టినవాడు

పాఠ్యభాగము: 1 సమూయేలు 14:1–14, యిర్మీయా 38:7–13



యోనాతాను ఫిలిష్తీయుల కావలి దండు మీదికి పోయిన సంగతి మీరందరును ఎరుగుదురు. ఆ కనుమకు ఇరుప్రక్కల రెండు నిట్టనిలువు బండలుండెను. ఒకదాని పేరు బొస్సేసు, రెండవదాని పేరు సెనే. బండలకు పేర్లున్నవి గాని, యోనాతాను వెనుక ఎక్కిన ఆ ఆయుధములు మోయు పడుచువాని పేరు అధ్యాయమంతయు వెదకినను దొరకదు. యోనాతాను చేతులతోను కాళ్లతోను ఎక్కెనని 13వ వచనము చెప్పుచున్నది. ఆ మాట ఎంత బరువైనదో బండనెక్కినవానికి బాగుగా తెలియును.

మా సంఘపు యౌవనస్థులు బండలెక్కు ఆట నేర్చుకొనెదమని కోరగా, ముందు పెద్దలు నలుగురు పోయి అందలి అపాయమెంతయో చూచి రావలెనని కమిటీ నిర్ణయించెను. బడి పంతులుగారు, కరెంటు లైన్‌మాన్, ఒక రైతు, పాస్టరు కలిసి నలుగురము. స్నేహితులమే. అయితే పంతులుగారికిని రైతుకును చేని గట్టు విషయమై రెండేండ్లుగా మాటలు లేవు. గుడిలో ఒకరు కిటికీ ప్రక్కను, ఒకరు గుమ్మము ప్రక్కను కూర్చుందురు.

మొదట హైదరాబాదులో ఇంటి కప్పు క్రింద కట్టిన ఎక్కుడు గోడ యొద్దకు పోతిమి. ఎత్తైన చెక్క గోడలకు రంగురంగుల పట్లు బిగించి యుందురు. ఒక్కొక్క రంగు ఒక్కొక్క దారి. ఇది ఇప్పుడు ఒలింపిక్సులో కూడ ఉన్నది. 2021లో టోక్యోలో మొదటిసారి ఆడిరి. ఎక్కువాడు నడుమునకును తొడలకును హార్నెస్ అను పట్టీలు బిగించుకొని, త్రాటి కొనను 8 అంకె వంటి ముడితో దానికి కట్టుకొనును. ఆ త్రాడు గోడపైనున్న కొక్కెము మీదుగా క్రిందికి దిగి, నేలపై నిలిచిన రెండవవాని నడుమునందలి బిగింపులో నుండి పోవును. వీడు పైకి పోవు కొలది వాడు వదులైన త్రాటిని లాగుకొనుచుండవలెను. దీనిని బిలే అందురు. పట్టినవాడు ఏమి చేసినను సరే, త్రాటిని అదుపు చేయు ఆ చేతిని మాత్రము దానిపైనుండి తీయరాదు. ఎక్కుటకు ముందు ఒకరి ముడిని, ఒకరి పట్టీని మరియొకరు చూడవలెను. తనది తాను చూచుకొన్నంత మాత్రమున చాలదు. ఆ త్రాడు కొంచెము సాగునట్లు నేయబడినది. లేనియెడల పడినవాని నడుము విరుగును.

స్తంభములెక్కు లైన్‌మాన్ చేతుల బలముతో ఎక్కజూచి అరగంటలో అలసిపోయెను. ప్రక్కన పదేండ్ల పిల్ల కాళ్ల మీద బరువు వేసి నవ్వుచు పైకి పోయెను.

మా ఊరి గౌడన్నలు ఇదంతయు వినిన ఏమందురో! తాడి చెట్టు మీద మోకు వారిదే, ప్రాణమును వారిదే. క్రింద పట్టుకొనువాడు లేడు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచమను పేర వారికి పట్టీలు, త్రాళ్లు ఇచ్చుట మొదలుపెట్టినది. అవి మేము కట్టుకొన్నవాటిని పోలినవే.

తరువాత జనవరి మాసమున భువనగిరి పోతిమి. హైదరాబాదునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున, ఒకే బండగా లేచిన ఆ కొండ కాజీపేట రైలులో పోవువారికందరికిని కనబడును. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ ఇక్కడనే బండలెక్కుట నేర్చుకొని, 2014 మే 25న, పదునాలుగేండ్లయినను నిండకమునుపే, ఎవరెస్టు శిఖరమెక్కెను. ఆమెతో కూడ ఆనందకుమార్ అను విద్యార్థియు ఎక్కెను.

ఇక్కడ రంగులు లేవు. ఏది పట్టు, ఏది కాదు అని వ్రేళ్లే వెదకవలెను. భయము కలిగినకొలది మనుష్యుడు బండను కౌగిలించుకొనును. ఏటవాలు బండపై అట్లు చేసినయెడల పాదములు జారును. నడుమును బండకు దూరముగా ఉంచి, బరువంతయు పాదముల మీద వేసి నిటారుగా నిలిచినయెడల జోడు అడుగు బండను పట్టును. ఇది చెప్పుట సులభము.

నేర్పువాడు మా బరువులు చూచి జతలు కట్టెను. త్రాడు పట్టువాడు ఎక్కువానికంటె మిక్కిలి తేలికగా నుండరాదట. పంతులుగారికి సరియైన బరువు రైతుదే. గట్టు సంగతి నేర్పువానికి తెలియదు, మేమును చెప్పలేదు.

పంతులుగారు దాదాపు 40 అడుగులు ఎక్కిరి. ఎక్కుటకంటె దిగుట కష్టము. దిగుటకు చేతులు రెండును విడిచి, వెనుకకు వ్రాలి, త్రాటి మీద కూర్చుండవలెను. ఆయన విడువలేదు. మోకాళ్లు వణకుట క్రిందికి కనబడుచుండెను. నేర్పువాడు ఎంత చెప్పినను లాభము లేకపోయెను. చాలసేపటికి ఆయన బండ వైపు ముఖముంచియే పిలిచిరి: “పట్టినవా, అన్నా?”

“పట్టిన. కూసో, సారూ.”

ఆయన కూర్చుండిరి. రైతు అంగుళమంగుళముగా త్రాటిని వదలుచు దింపెను. నేలపై నిలిచిన పిమ్మట పంతులుగారి వ్రేళ్లు ముడి విప్పలేకపోగా, రైతే వంగి విప్పెను. ఇద్దరును మరేమియు మాటలాడలేదు.

యిర్మీయాను బురద గోతిలో నుండి తీసిన కూషీయుడైన ఎబెద్మెలెకును ఇక్కడ తలంచుకొనుడి. ముప్పదిమంది మనుష్యులు, కావలసినన్ని త్రాళ్లు అతనికుండెను. అయినను అతడు రాజు ఖజానా క్రింది గదికి పోయి చింకి పాతలు, చిరిగిన గుడ్డలు ఏరి తెచ్చి, త్రాళ్లు కోయకుండునట్లు చంకల క్రింద పెట్టుకొమ్మని దింపెను. మా హార్నెస్ పట్టీలకు లోతట్టున మెత్త కుట్టబడి యున్నది. అది లేకుండ త్రాటికి వ్రేలాడినయెడల తొడలెట్లుండునో మేమెరుగుదుము గనుక, ఆ పాతగుడ్డలను తేలికగా చదివి దాటిపోవలదని మా మనవి.

గట్టు తగవు ఇంకను తీరలేదు, సర్వేయరు రావలసియున్నాడు. యౌవనస్థులను పంపవచ్చునని కమిటీకిచ్చిన కాగితము మీద మాత్రము పంతులుగారి సంతకమును రైతు సంతకమును ప్రక్కప్రక్కనే యున్నవి.

వచ్చు పిల్లలు ఉంగరములు, గాజులు ఇంటనే విడిచి రావలెను. గోళ్లు కత్తిరించుకొనవలెను. ఎండకు బండ కాలును గనుక తెల్లవారకముందే బయలుదేరుదుము. జతలు బరువును బట్టి కట్టబడును. ఎవరి త్రాడు ఎవరు పట్టవలెనని కోరుకొనుటకు వీలులేదు.