చిన్నపేగు చేసే పని

చిరంజీవి మనవరాలికి,

నువ్వు పంపిన జీర్ణవ్యవస్థ బొమ్మ చూశాను. అందులో జీర్ణాశయం ఎంతో పెద్దది, చిన్నపేగుకు నాలుగు మెలికలే దక్కాయి. చాలామంది పెద్దవాళ్ల ఊహలోనూ కడుపంటే ఆ సంచే. అయితే జబ్బు వల్ల జీర్ణాశయాన్ని పూర్తిగా తీసేసినా, కొద్దికొద్దిగా తింటూ, విటమిన్ బి12 ఇంజెక్షన్లు వేయించుకుంటూ మనిషి ఏళ్లతరబడి బతకగలడు. చిన్నపేగు మొత్తం పోతే మాత్రం ఎంత తిన్నా ఒంటికి పట్టదు.

నోట్లో లాలాజలం పిండిపదార్థాల పని మొదలుపెడుతుంది. ముద్దను అన్నవాహిక కండరాలు అలలు అలలుగా ముడుచుకుంటూ కిందికి నెడతాయి. జీర్ణాశయంలో ఆమ్లం, పెప్సిన్ కలిసి మాంసకృత్తులను విడగొడతాయి.

అసలు కథ ఆ తర్వాతే. చిన్నపేగు పొడవు సుమారు 6 మీటర్లు. లోపలి గోడంతా మడతలు; ఆ మడతల మీద టర్కీ తువ్వాలు నూలుపోగుల్లా నిండిన ఆంత్రచూషకాలు. పైత్యరసం, క్లోమరసం విడగొట్టిన ఆహారాన్ని రక్తంలోకి చేర్చేవి ఇవే. మనం తాగేది రోజుకు రెండు లీటర్లే అయినా, జీర్ణరసాలన్నీ కలిసి 9 లీటర్ల దాకా ద్రవం పేగుల్లోకి చేరుతుంది. అందులో అత్యధిక భాగాన్ని చిన్నపేగే తిరిగి పీల్చుకుంటుంది, మిగిలినదాన్ని పెద్దపేగు. మలంతో పోయేది 100–200 మిల్లీలీటర్లే.

కలరా ఈ లెక్కనే తలకిందులు చేస్తుంది. దాని విషం వల్ల పేగు కణాలు ఆగకుండా ఉప్పునీటిని విడుదల చేస్తాయి. రోగి గంటల్లోనే ఎండిపోతాడు. ఉత్త నీళ్లు పడితే నిలవవు. కానీ ఒక్క దారి మాత్రం చెడదు: గ్లూకోజు, సోడియం జంటగా కణంలోకి వెళ్తాయి, వాటి వెంటే నీరూ వెళ్తుంది. ఈ జంట ప్రయాణాన్ని శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లో వివరించాడు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులకు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో కలరా సోకింది. సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. వైద్యచరిత్రలో ఇంత చవకగా ఇన్ని ప్రాణాలు నిలిపిన పని నాకు తెలిసి మరొకటి లేదు.

అలాంటి మిశ్రమాన్నే పొడిగా ఇచ్చే ఓఆర్‌ఎస్ పొట్లం దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. టీ చెంచా, అదీ తలకొట్టి. రుచి కోసం చక్కెర పెంచితే అది నీటిని తిరిగి పేగులోకే లాగి విరేచనాలను ఎక్కువ చేస్తుంది.

ఆశీస్సులతో,
తాతయ్య