విక్రేత ధర్మము

నేతగాడు వస్త్రమును నేయును. దర్జీ దానిని కుట్టును. వీరి శ్రమకును, ధరించువాని దేహమునకును నడుమ నిలుచువాడు విక్రేత. అతడు నేయడు, కుట్టడు. అతని పనిముట్టు మాట యొక్కటియే. కావున పురుషులకు కోటులు, షేర్వాణీలు కొలిచి కుట్టించి యిచ్చు షోరూములలో చేరగోరు యువకులు ఈ వృత్తిధర్మమును ముందుగా నెఱుగవలయును.

మొదటిది వినుట. వచ్చినవాడు ఏ సందర్భమునకు, ఏ ఋతువున, ఎన్నిమార్లు ధరించునో, ఎంత వెచ్చింపగలడో అడిగి తెలిసికొనవలయును. వేసవి ముహూర్తమునకు దళసరి ఉన్నికోటు అంటగట్టుట అమ్మకము కాదు, అపకారము.

రెండవది బట్ట. ఉన్నిబట్టపై సూపర్ 100, సూపర్ 120 అను అంకె లుండును. అవి ఉన్నినార సన్నదనమును దెలుపును. 100 అనగా నార 18.75 మైక్రానులకు, 120 అనగా 17.75 మైక్రానులకు మించరాదు. అంకె పెరిగినకొలది బట్ట మృదువగును, వెల పెరుగును. కాని మన్నిక పెరుగదు. దినదినము ధరించువానికి పెద్ద అంకె చూపి “ఇదియే గట్టిది” యని చెప్పినచో కమీషను దక్కును, నమ్మకము పోవును.

మూడవది కొలత. ఛాతీ, నడుము, భుజము, చేయి కొలిచినంత మాత్రమున చాలదు. ఒక భుజము వాలియుండవచ్చును, నడుము వంగియుండవచ్చును. టేపు చూడగనే పలువురు పొట్ట బిగబట్టుదురు. వారిని మాటలలో పెట్టి, సహజముగా నిలుచునప్పుడు కొలువవలయును. లోపమును నలుగురిలో బిగ్గరగా పలుకరాదు. కాగితముపై వ్రాసి దర్జీకి తెలుపవలయును.

నాల్గవది పేరు. “బిస్పోక్” అను ఆంగ్లపదమునకు ముందుగా మాట చెప్పి కుదుర్చుకొన్నదని యర్థము. లండనులోని సావిల్ రో వీథిలో ఈ పేరు ఒక్కనికొఱకే నమూనా గీసి, కత్తిరించి, అధికభాగము చేతితో కుట్టిన దుస్తునకు చెల్లుచు వచ్చెను. సిద్ధముగా నున్న నమూనాను కొలతలకు సవరించుట వేఱు. 2008లో బ్రిటనునందలి ప్రకటనల పర్యవేక్షణ సంస్థ, యంత్రముపై కుట్టిన సూటును సైతము ఆ పేరుతో ప్రకటింపవచ్చునని తీర్పు చెప్పెను. తీర్పు ఒప్పుకొన్నను, తాను అమ్మునది రెంటిలో నేదో కొనువానికి విప్పి చెప్పుట విక్రేత విధి.

ఐదవది గడువు. లగ్నము దర్జీకొఱకు ఆగదు. కత్తిరించువానిని అడుగక తేదీ చెప్పరాదు. తొలి ట్రయలునకును, దిద్దుబాటునకును దినములు విడిచియే మాట యీయవలయును.

ఇందలి అసలు సంగతి యొకటి కలదు. రెడీమేడు చొక్కా ఒకనికి సరిపడనిచో మఱొకనికి అమ్మవచ్చును. ఒకని కొలతకు కుట్టిన కోటు ఇంకొకనికి పనికిరాదు; కత్తెర పడిన బట్ట మరల అతుకదు. విక్రేత తొందరపాటున పలికిన తేదీకి దర్జీ రాత్రులు మేలుకొనును. విక్రేత తప్పుగా వ్రాసిన అంగుళమునకు దర్జీ కూలి కోతపడు అంగళ్లును కలవు. అట్టిచోట “తప్పు నాది” యని యజమాని యెదుట ఒప్పుకొనువాడే నిజమైన విక్రేత. వెలుతురులో నిలిచి నవ్వుచు పలికిన ప్రతి మాటకును, వెనుకగదిలో సూది పట్టినవాడు వెల చెల్లించుచున్నాడని అతడు మఱవరాదు.