విహారిణి – మరుగు వాకిళ్ళు

అంతర్జాలంలోని పుటలను తెరచి చూపే ఉపకరణాన్ని ఇంగ్లీషువారు బ్రౌజర్ అన్నారు. తెలుగులో దానికి 'విహారిణి' అనే పేరు వాడుకలోకి వచ్చింది. 'విహరించు' అనే క్రియతో చుట్టరికం ఉన్న స్త్రీలింగ శబ్దమిది. నిజానికి విహరించేది పాఠకుడు. ఉపకరణం అతని వాహనం మాత్రమే. అయినా లక్ష్యార్థంలో ఈ పేరు చక్కగానే అమరింది. చిక్కు మరొకచోట ఉన్నది. వాహనం కొన్నవాడు ముందుగా ఆసనం సవరించుకొంటాడు, అద్దం తనవైపు తిప్పుకొంటాడు. విహారిణి విషయంలో మాత్రం చాలామంది తయారీదారు అప్పగించిన రూపాన్నే విధిలిఖితంగా భావించి, అక్షరాలు కనబడకపోతే కళ్ళు చికిలించుకొని చదువుతారు. మార్చుకొనే వాకిలి పక్కనే ఉన్నదని వారికి తెలియదు.

పుట ఎలా కనబడాలో నిర్ణయించేది రాసినవాడా, చదివేవాడా అన్న ప్రశ్న విహారిణితోపాటే పుట్టింది. జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ 1990లో రూపొందించిన తొలి విహారిణిలో పుటను చదవడమే కాదు, రాయడానికీ దిద్దడానికీ వీలుండేది. 1993లో వచ్చిన మొజాయిక్, 1994 నాటి నెట్‌స్కేప్ నావిగేటర్ జాలాన్ని లోకమంతటికీ పరిచయం చేశాయి గాని, వాటిలో పాఠకుడు ప్రధానంగా ప్రేక్షకుడయ్యాడు. 1994లోనే సెర్న్‌లో పనిచేస్తున్న హోకున్ వియుమ్ లీ, పుటల అలంకరణకు ఒక పద్ధతిని ప్రతిపాదించాడు. నేడు సి.ఎస్.ఎస్. అని పిలిచే ఆ పద్ధతిలో రచయిత కోరికతోపాటు పాఠకుడి కోరికకూ స్థానం ఉన్నది. రెండింటినీ కలిపి, ఏది ఎప్పుడు నెగ్గాలో తేల్చే నియమాలను అందులో పొందుపరచారు. విహారిణిని తనకు అనువుగా మలచుకొనేవాడు కొంటె పని చేయడం లేదు. మొదటినుంచీ తనకు కేటాయించిన హక్కునే వాడుకొంటున్నాడు.

ఈ హక్కు విలువ తెలుగు పాఠకుడికి తెలిసివచ్చినంతగా మరెవరికీ తెలిసి ఉండదేమో. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు లిపికి చోటు దక్కింది. కాని 2000 తరువాత కూడా చాలాకాలం పలు తెలుగు పత్రికలు తమ జాలపుటలను సొంత ఫాంట్లలోనే ప్రచురించాయి. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు అచ్చురూపాలను కూర్చిన ఫాంట్లవి. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో తెలుగు కనబడేది. లేనిచోట ఇంగ్లీషు అక్షరాలూ విరామ చిహ్నాలూ కలగాపులగంగా దర్శనమిచ్చేవి. కొన్ని పత్రికలు పుటతోపాటే ఫాంటును పంపే ఏర్పాటు చేసినా, అది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే పరిమితమైంది. ఫైర్‌ఫాక్స్ వాడేవారు సొంత ఊరి వార్తను సొంత లిపిలో చదువుకోలేకపోయారు. దూరదేశాలలో ఉన్నవారికి ఇది చిన్న లోటు కాదు.

ఆ లోటును తీర్చినది 'పద్మ' అనే పొడగింత. పొడగింత అంటే విహారిణికి అదనంగా తగిలించుకొనే చిన్న ప్రోగ్రాము, ఇంగ్లీషులో ఎక్స్‌టెన్షన్. పత్రిక పుట తెరవగానే ఆ ఫాంటు సంకేతాలను పద్మ యూనికోడ్‌లోకి మార్చి చూపేది. పత్రిక తన పద్ధతి మార్చుకోలేదు, విహారిణిని తయారుచేసిన సంస్థ పూనుకోలేదు. పాఠకుల పక్షాన నిలిచిన ఒక పొడగింత ఆ పని నెరవేర్చింది. మార్చిన పాఠాన్ని నకలు తీసుకొని ఉత్తరంలో పెట్టుకోవచ్చు, అందులో మాట వెదకవచ్చు. ఆనాటి విండోస్ ఎక్స్‌పీలో మరొక తిప్పలు కూడా ఉండేది. సంయుక్తాక్షరాలకు కావలసిన ఏర్పాటును విడిగా స్థాపించుకోకపోతే, యూనికోడ్ తెలుగులో కూడా ఒత్తులు అక్షరం కిందికి చేరక పక్కన విడిగా నిలిచేవి.

నేడు ఆ ఇబ్బందులు దాదాపు తొలగిపోయాయి. కాని అక్షర పరిమాణం సంగతి మిగిలే ఉన్నది. తెలుగు లిపిలో 'ద'కు 'థ'కు భేదం ఒక చుక్క, ఒక చిన్న గీత. అక్షరం మరీ చిన్నదైతే 'కదనం' ఏదో 'కథనం' ఏదో పోల్చడం కష్టం. ఒకటి యుద్ధం, రెండవది చెప్పడం. ఇంగ్లీషుకు సరిపోయే కొలత ఒత్తులూ గుడులూ మోసే లిపికి చాలదు. ఫైర్‌ఫాక్స్ అమరికలలో భాషకు, రూపానికి సంబంధించిన భాగంలో ఫాంట్ల విభాగం ఉన్నది. దానిలోని అధునాతన అమరికలను తెరచి, లిపుల జాబితాలో తెలుగును ఎంచుకొంటే, తెలుగుకు మాత్రమే వర్తించే ఫాంటును, కనీస పరిమాణాన్ని నిర్ణయించుకోవచ్చు. పుటలు తమ సొంత ఫాంట్లను వాడడానికి ఇచ్చిన అనుమతిని కూడా అక్కడే రద్దు చేయవచ్చు. అయితే బొమ్మగుర్తులను ఫాంటు రూపంలో కూర్చిన పుటలలో ఆ గుర్తులకు బదులు ఖాళీ గడులు కనబడే అవకాశం ఉన్నది. అందువల్ల ముందు కనీస పరిమాణం పెంచి చూడడం మేలు.

పొరపాటున మూసిన ట్యాబును కంట్రోల్, షిఫ్ట్, టి మీటలు కలిపి నొక్కి తిరిగి రప్పించవచ్చునని చాలామంది ఎరుగుదురు. చిరునామా పట్టీలో నక్షత్రపు గుర్తు వేసి, ఖాళీ వదిలి మాట రాస్తే ఫైర్‌ఫాక్స్ దాచుకొన్న పుటలలో మాత్రమే వెదకుతుందని, శాతం గుర్తు వేస్తే తెరచి ఉన్న ట్యాబులలో మాత్రమే వెదకుతుందని ఎరిగినవారు తక్కువ. ముప్పై ట్యాబుల నడుమ దారి తప్పే విద్యార్థికి ఈ రెండవది ఉపకరిస్తుంది. ప్రకటనలనూ పక్క పట్టీలనూ తొలగించి వ్యాసాన్ని మాత్రమే మిగిల్చే పఠన వీక్షణం కూడా ఉన్నది. దీర్ఘవ్యాసాలకు అంతకంటె మంచి సదుపాయం లేదు.

వీటికంటె లోపలి వాకిలి మరొకటి. చిరునామా పట్టీలో 'అబౌట్:కాన్ఫిగ్' అని ఇంగ్లీషులో రాస్తే, ముందుగా ఒక హెచ్చరిక వస్తుంది. పాత ఫైర్‌ఫాక్స్‌లో ఆ హెచ్చరిక, ఇక్కడ చేయి పెడితే హామీ పత్రం చెల్లకపోవచ్చునని బెదిరించేది. ఉచితంగా ఇచ్చే ప్రోగ్రాముకు హామీ పత్రం ఎక్కడిదని ఆలోచించినవారికి అందులోని పరిహాసం బోధపడేది. హెచ్చరిక దాటితే, సాధారణ అమరికలలో కనబడని ఎంపికలు వందలకొద్దీ అక్షరక్రమంలో ఎదురవుతాయి. కొత్త ట్యాబు వరుస చివర కాక, చదువుతున్న ట్యాబు పక్కనే తెరచుకోవాలన్న చిన్న కోరిక కూడా అక్కడే తీరుతుంది. మార్చిన ప్రతి ఎంపికా ముద్దక్షరాలలో కనబడుతుంది; పక్కనున్న బాణపు గుర్తుతో పూర్వస్థితికి తేవచ్చు. ఒక్కసారి ఒక్క మార్పే చేసి, దానిని కాగితం మీద రాసిపెట్టుకొనేవాడు ఇక్కడ నష్టపోడు. ఎవరో చెప్పారని ఒకేసారి ఇరవై మార్పులు చేసేవాడికి, చెడిపోయినప్పుడు చెరిచినదేదో తెలియదు.

'అబౌట్' పుటలన్నీ పనికోసం పుట్టినవి కావు. 'అబౌట్:మొజిల్లా' అని రాస్తే ఎర్రని నేపథ్యంలో ఒక పవిత్రగ్రంథం నుంచి తీసినట్లు కనబడే వాక్యాలు వస్తాయి. అటువంటి గ్రంథమేదీ లేదు. నెట్‌స్కేప్ రూపకర్తలు మొదలుపెట్టిన ఈ వినోదాన్ని తరువాతివారు కొనసాగించారు. మొజాయిక్‌ను మట్టుపెట్టే గాడ్జిల్లా అన్న భావనతో వారు పెట్టుకొన్న ముద్దుపేరే మొజిల్లా. వచనం చివర అధ్యాయ సంఖ్య, వచన సంఖ్య ఉంటాయి. వాటిలో ఒకదాని సంఖ్య 11:9. ఫైర్‌ఫాక్స్ 1.0 విడుదలైనది 2004 నవంబరు 9. మరొకటి 7:15, మొజిల్లా ఫౌండేషన్ ఏర్పడినది 2003 జూలై 15. మన శాసనకర్తలు కూడా సంవత్సరాన్ని అంకెలలో చెప్పక నేత్రం, బాణం, వేదం అనే మాటలలో దాచేవారు. నేత్రం రెండు, వేదం నాలుగు, బాణం ఐదు; కుడినుంచి ఎడమకు చదవాలి. తేదీని తెలిసినవాడికే తెలిసేటట్లు చెప్పాలన్న సరదా కంప్యూటరు ముందు కూర్చున్నవారికీ తప్పలేదు. క్రోమ్‌లో 2014 నుంచి ఉన్న రాక్షసబల్లి ఆట కూడా ఈ కోవలోనిదే. నెట్టు లేనప్పుడు ఖాళీ మీట నొక్కితే ఎడారిలో బల్లి పరుగు మొదలవుతుంది. విద్యార్థులు దానిలో మునిగిపోతున్నారని, దానిని నిలిపివేసే వీలును గూగుల్ సంస్థ నిర్వాహకులకు కల్పించవలసి వచ్చింది.

పొడగింతల చరిత్రలో 2017 నవంబరు ఒక మలుపు. అప్పుడు వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి పొడగింతలను పూర్తిగా నిరాకరించింది. అవి విహారిణి అంతర్భాగాలలో ఎక్కడైనా చేయి పెట్టగలిగేవి. ఆ స్వేచ్ఛ వల్లనే ప్రతి కొత్త కూర్పులోనూ ఏదో ఒకటి విరిగేది, భద్రతకూ ముప్పు ఉండేది. కొత్త పద్ధతిలో తిరగరాసినవి బ్రతికాయి, తక్కినవి ఆగిపోయాయి. ఏళ్ళ తరబడి ఒక అలవాటుకు కుదురుకొన్న పాఠకులు ఒక్క రోజులో దానిని కోల్పోయారు. సంస్థ చెప్పిన కారణాలు సరైనవే. పాఠకుల బాధా సరైనదే.

కొత్త పద్ధతిలోనూ జాగ్రత్త అవసరమే. స్థాపించేటప్పుడు వచ్చే అనుమతుల పట్టికలో అన్ని జాలస్థలాల సమాచారాన్ని చూసే అధికారం అడిగితే, ఆ పొడగింత చేసే పనికి అంత అధికారం కావాలా అని పరిశీలించాలి. ప్రకటనలను అడ్డుకొనేదానికి కావలసి రావచ్చు. గడియారం చూపేదానికి అక్కరలేదు. కళాశాల ప్రయోగశాలలోని యంత్రం పదిమందిది గనుక అక్కడ ఇటువంటి మార్పులు చేయరాదు. సొంత యంత్రంలో ప్రయోగాలు చేయదలచినవారు 'అబౌట్:ప్రొఫైల్స్' పుటలో వేరొక ప్రొఫైలును సృష్టించుకొంటే, అసలు దానికి హాని జరగదు. పొడగింతల వల్ల విహారిణి మొరాయిస్తే, విండోస్‌లో షిఫ్ట్ మీట నొక్కిపట్టి ఫైర్‌ఫాక్స్‌ను తెరవాలి. పొడగింతలన్నిటినీ పక్కనపెట్టి అది మొదలవుతుంది. అప్పుడు ఒక్కొక్కదానినే తిరిగి చేర్చి చూస్తే, చెరిచినదేదో బయటపడుతుంది.