ఆటలో రైళ్లు ఢీకొనకుండా: సిగ్నల్ నేర్పే ‘స్టేట్ మెషీన్’

బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. హౌరా–ముంబై దారిలోని ఈ జంక్షన్‌లో ఎక్స్‌ప్రెస్‌లకూ, కోర్బా బొగ్గు రైళ్లకూ తీరిక ఉండదు. రైల్వే కొలువులకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఈ స్టేషన్‌ను వీడియో గేమ్‌గా మలచాలనుకుందాం. మొదటి చిక్కు రైలును నడపడంలో కాదు, సిగ్నల్ దగ్గరే వస్తుంది.

కొత్తగా కోడ్ రాసేవారు సాధారణంగా ఒక్కో రంగుకు ఒక్కో ‘అవును/కాదు’ వేరియబుల్ పెడతారు. ఎరుపు, పసుపు, జంట పసుపు, ఆకుపచ్చ: నాలుగింటికి 16 కలయికలు. సిగ్నల్‌కు కావలసినవి నాలుగే! మిగతా 12లో ఏదో ఒకటి ఎప్పుడో తెరమీద ప్రత్యక్షమవుతుంది. ఎరుపు, ఆకుపచ్చ కలిసి వెలుగుతాయి. వెనక రైలు వచ్చి ముందు రైలును గుద్దుతుంది.

స్టేట్ మెషీన్ పద్ధతిలో సిగ్నల్‌కు ఎప్పుడూ ఒకే స్థితి. ఏ ఘటనకు ఏ స్థితిలోకి మారాలో ముందే రాసి ఉంటుంది. ఆటోమేటిక్ సిగ్నలింగ్ ఉన్న మార్గంలో రైలు సిగ్నల్ దాటగానే ఎరుపు. అది ఒక సెక్షన్ ఖాళీ చేస్తే పసుపు, రెండు చేస్తే జంట పసుపు, మూడు చేస్తే ఆకుపచ్చ. 1980 నాటి ప్యాక్‌మ్యాన్‌లో దయ్యాలు కూడా ఇలాగే తరమడం, చెదిరిపోవడం, భయపడడం అనే స్థితుల మధ్య తిరుగుతాయి.

మరి ఏదైనా చెడిపోతే? దీనికి జవాబు రైల్వే దగ్గర పాతదే ఉంది. అమెరికాకు చెందిన విలియం రాబిన్సన్ 1872లో పేటెంట్ పొందిన ట్రాక్ సర్క్యూట్‌లో, పట్టాల గుండా పారే కొద్దిపాటి కరెంటు ఒక రిలేను పట్టి ఉంచుతుంది. రైలు ఎక్కితే కరెంటు చక్రాలు, ఇరుసుల గుండా దారి మళ్లి రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎరుపవుతుంది. పట్టా విరిగినా, బ్యాటరీ అయిపోయినా ఫలితం అదే. అంటే ‘ఖాళీ’ అనడానికి రుజువు కావాలి, ‘ఆగు’ అనడానికి అక్కర్లేదు. గేమ్‌లోనూ అంతే: ఆట మొదలైనప్పుడు, సేవ్ ఫైల్ పాడైనప్పుడు సిగ్నల్ ఎరుపులోకే వెళ్లాలి.

కోడ్‌లో ఒక్కో స్థితిని ఒక్కో క్లాస్‌గా రాస్తే అదే ‘స్టేట్ ప్యాటర్న్’. నాలుగు రంగుల సిగ్నల్‌కు నిజానికి అంత హంగు అవసరం లేదు, చిన్న పట్టిక చాలు. స్థితిలోకి వచ్చేటప్పుడు, బయటికి పోయేటప్పుడు చేయాల్సిన పనులు పెరిగినప్పుడే క్లాసులు అక్కరకొస్తాయి.

రైలుకూ ఆగడం, కదలడం, బ్రేకు వేయడం అనే స్థితులుంటాయి. వాటిని సిగ్నల్‌తో కలిపి ఒకే మెషీన్‌గా రాస్తే 12 స్థితులు. విడిగా ఉంచితే ఏడే. సిగ్నల్ రంగు మారిందన్న కబురు రైలుకు అందితే సరిపోతుంది.