ఆరేయడం వేరు, ఎండబెట్టడం వేరు

ఎడిసన్, న్యూజెర్సీ
ఆదివారం రాత్రి

అమ్ములూ,

పొద్దున నువ్వు ఫోన్లో చెప్పింది అప్పట్నుంచీ మనసులో తిరుగుతూనే ఉంది. కొత్తింటితో పాటు వచ్చిన డ్రయ్యర్ ఒక వాయి బట్టలకి రెండుసార్లు తిరగాల్సి వస్తోందనీ, పైన చెయ్యి పెడితే చురుక్కుమంటోందనీ అన్నావు. "పాతదైపోయింది మావయ్యా, కొత్తది కొనేస్తాం" అన్నావు. ఈ ఉత్తరం చదివి, నేను చెప్పినవి చూసేదాకా కొనకు. పిల్లాడి ఏడుపులో ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. అంతవరకూ ఆ డ్రయ్యర్ వాడకండి.

మనం మిరపకాయల్నీ వడియాల్నీ ఎండబెడతాం అంటాం. బట్టల్ని మాత్రం ఆరేస్తాం అంటాం. ఈ తేడా ఊరికే రాలేదమ్మా. కాకినాడలో ముసురు పట్టిన రోజుల్లో కూడా మీ అమ్మమ్మ వసారాలో దండెం కట్టి చీరలు ఆరేసేది. ఎండ మొహం కనిపించకపోయినా, గాలి ఆడితే రాత్రికి మడతపెట్టేది. తలుపులు మూసిన గదిలో వేసినవి మర్నాటికి కూడా ఆరకుండా ముక్కవాసన కొట్టేవి.

డ్రయ్యర్ చేసే పని కూడా అదే. హీటరు నీటిని ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరిని మోసుకుపోవాల్సింది గాలి. గదిలోని గాలి హీటర్ మీదుగా డ్రమ్ములోకి పోయి, లింట్ జాలీ దాటి, వెనక గొట్టంలోంచి ఇంటి బయటికి వెళ్ళాలి. ఆ దారిలో ఎక్కడ అడ్డం పడినా తడి లోపలే తిరుగుతుంది, వేడి లోపలే పేరుకుంటుంది. నువ్వు చెప్పిన రెండు లక్షణాలూ ఆ అడ్డంవే అని నా నమ్మకం. మిషన్‌కి వయసైపోయినందువల్ల కాదు.

ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. మేం ఇల్లు కొన్న మొదటి చలికాలం, డ్రమ్ము తిరుగుతోంది కానీ వేడి లేదు. రిపేరతను వచ్చి థర్మల్ ఫ్యూజ్ పోయిందని మార్చి వెళ్ళాడు. మూడు వారాలకి మళ్ళీ పోయింది. మళ్ళీ మార్చాడు. మూడోసారి పోయినప్పుడు నేనే ప్లగ్గు పీకి, మిషన్ ముందుకి లాగి వెనక్కి దూరాను. వెండికాగితంలాంటి మెత్తటి గొట్టం గోడకీ మిషన్‌కీ మధ్య నలిగి అప్పడంలా అయిపోయింది. దాన్ని విప్పదీస్తుంటే బూడిదరంగు నూగు పిడికిళ్ళకొద్దీ రాలింది. అడుగున ఉన్నది తడిసి ముద్దకట్టి, మడత దగ్గర గోధుమరంగుకి తిరిగింది. ఆ రంగు చూశాక నాకు చాలాసేపు చేతులు ఆడలేదు. మిషన్‌ని అంత లోపలికి నెట్టింది నేనే. ఆ ఫ్యూజ్ వేలెడంత కూడా ఉండదు. లోపల వేడి హద్దు దాటగానే అది తెగిపోతుంది, ఇక అతకదు. మేం రెండుసార్లు దాన్ని మార్చాం, అది ఎందుకు తెగుతోందో మాత్రం ఒక్కసారీ అడగలేదు.

అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2008 నుంచి 2010 దాకా వేసిన లెక్కల్లో, ఏడాదికి సుమారు 2,900 ఇళ్ళలో డ్రయ్యర్ల వల్ల మంటలు లేచాయి. కారణాల్లో అన్నిటికన్నా పెద్దది శుభ్రం చెయ్యకపోవడం, 34 శాతం. జనవరిలో మరీ ఎక్కువ. తలుపులు బిగించుకుని మందపాటి బట్టలు ఉతికే నెల కదా.

శనివారం పిల్లాడు పడుకున్నాక మీరిద్దరూ ఈ పని పెట్టుకోండి. ముందు జాలీ కడిగి, అయిదు నిమిషాలు మాత్రం డ్రయ్యర్ నడిపి, నువ్వు దగ్గరే ఉండు. అల్లుణ్ణి బయటికి పంపి గొట్టం గోడలోంచి ఎక్కడ బయటికొచ్చిందో చూడమను. దాని రెక్క బాగా తెరుచుకుని, చేతికి వెచ్చటి గాలి జోరుగా తగలాలి. రెక్క వేలాడుతూ ఉండిపోయిందంటే దారి మూసుకుపోయినట్టే. పిట్టలు గూడు కట్టి ఉండొచ్చు, ఎవరో సన్న జాలీ బిగించి ఉండొచ్చు. జాలీ ఉంటే తీసేయండి, నూగంతా దానికే పడుతుంది. మీ టెక్సాస్‌లో చాలా ఇళ్ళకి ఈ గొట్టం కప్పు మీదికి పోతుంది. మీది అలాంటిదైతే అల్లుడు నిచ్చెన ఎక్కడానికి వీల్లేదు, గొట్టాలు శుభ్రం చేసేవాళ్ళని పిలవండి.

తర్వాత ప్లగ్గు తీసి మిషన్ లాగండి. వెనక ప్లాస్టిక్ గొట్టం గానీ మెత్తటి రేకు గొట్టం గానీ ఉంటే పారేసి, నాలుగంగుళాల గట్టి అల్యూమినియం గొట్టం వేయించండి. అతుకులకి అల్యూమినియం టేపే వాడాలి. డక్ట్ టేప్ పేరు చూసి మోసపోవద్దు, వేడికి దాని జిగురు ఊడిపోతుంది. లోపలికి పొడుచుకొచ్చే స్క్రూలు వద్దు, నూగు వాటికే తగులుకుంటుంది. ఇక్కడి ఇళ్ళ నిబంధనల్లో గొట్టం పొడవు మామూలుగా 35 అడుగులు దాటకూడదు, ప్రతి మలుపుకీ అందులోంచి కొంత తగ్గించాలి. గొట్టం లోపల శుభ్రం చెయ్యడానికి డ్రిల్లుకి తగిలించే పొడవాటి బ్రష్షు దొరుకుతుంది. దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పండి. వెనక్కి తిప్పితే మరలు విడిపోయి బ్రష్షు గోడలోనే ఉండిపోతుంది.

జాలీ ప్రతి వాయికీ తుడుస్తున్నానన్నావు, మంచిదే. కానీ నువ్వు వాడే సువాసన షీట్ల మైనం దాని మీద కంటికి కనిపించని పొరలా పట్టేస్తుంది. కుళాయి కింద పెట్టి చూడు. నీళ్ళు కారిపోకుండా పైన నిలిచాయంటే గాలి కూడా నిలిచినట్టే. గోరువెచ్చటి నీళ్ళూ సబ్బూ వేసి మెత్తటి బ్రష్షుతో రుద్ది, బాగా ఆరాక పెట్టు. డ్రమ్ములో రెండు సన్నటి లోహపు పట్టీలు ఉంటాయి, తడి ఉందో లేదో చెప్పేవి అవే. వాటినీ స్పిరిట్‌తో తుడువు.

గొట్టం బాగున్నా వేడి రాకపోతే బ్రేకర్ చూడండి. కరెంటు డ్రయ్యర్‌కి 240 వోల్టులు కావాలి, మోటారుకి మాత్రం అందులో సగం చాలు. అందుకే వచ్చే రెండు లైన్లలో ఒకటి పోయినా డ్రమ్ము మామూలుగానే తిరుగుతూ మనల్ని మభ్యపెడుతుంది. బ్రేకర్‌ని పూర్తిగా ఆపి మళ్ళీ వెయ్యండి. హీటర్, ఫ్యూజ్ సంగతి నేను వచ్చినప్పుడు మీటర్ పెట్టి చూస్తాను. గ్యాస్ డ్రయ్యర్ అయితే మాత్రం దాని లోపల చెయ్యి పెట్టకండి.

ఇప్పుడు చెప్పబోయేది మీ అమ్మకి కూడా చదివి వినిపించు. మనవడికి ఆవిడ రోజూ నూనె మర్దనా చేస్తోందని విన్నాను, చాలా సంతోషం. దీపావళికి మీ అందరికీ తలంటు కూడా పోస్తుంది. నూనె తుడిచిన తువ్వాళ్ళనీ, వంటింట్లో నూనె, నెయ్యి పీల్చిన గుడ్డల్నీ మాత్రం డ్రయ్యర్లో వెయ్యొద్దు. ఒక్క ఉతుకుతో నూనె పూర్తిగా పోదు. మిగిలిన నూనె గాలితో కలిసి తనంతట తానే వేడి పుట్టిస్తుంది. వేడివేడిగా తీసి బుట్టలో కుప్పపోస్తే ఆ వేడి పోయే దారిలేక, గంటల తర్వాత కూడా మంట అంటుకోవచ్చు. నిప్పు అక్కర్లేదు. అలాంటివి వేడినీళ్ళలో విడిగా ఉతికి, గరాజ్‌లో దండెం కట్టి ఆరేయండి. మిగతా బట్టలకి కూడా చివర్లో చల్లగాలి తిరిగే పది నిమిషాలూ పూర్తికానివ్వు. తొందరగా తలుపు తీసి కుప్పపోయకు.

మీరు నిద్రపోయేటప్పుడు గానీ, గుడికని బయల్దేరేటప్పుడు గానీ డ్రయ్యర్ వేసి వదలొద్దు. ఎప్పుడైనా లోపల పొగ కనిపిస్తే తలుపు తెరవకు, తెరిస్తే మంటకి గాలి అందుతుంది. పిల్లాణ్ణి ఎత్తుకుని అందరూ బయటికొచ్చి 911కి ఫోన్ చెయ్యండి.

మీ అమ్మ తెచ్చిన మంగళగిరి చీరలు దండెం మీదే ఆరనివ్వు.

మిషన్ వెనక్కి పెట్టేటప్పుడు గొట్టం నలగకుండా చెయ్యి పట్టేంత జాగా వదలండి. లాగగానే ముందు ఆ గొట్టం ఫోటో, తర్వాత తలుపు అంచున ఉండే మోడల్ నంబరు ఫోటో నాకు పంపు. శనివారం సాయంత్రం ఫోన్ దగ్గరే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ మావయ్య